జుహూ నుంచి మద్రాసుకు: మరుగున పడిన సగం దారి

1932 అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా కరాచీలోని డ్రిగ్ రోడ్ మైదానం నుంచి ఉత్తరాల సంచులతో బయలుదేరి, అహ్మదాబాద్‌లో పెట్రోలు పోయించుకుని, మధ్యాహ్నానికి బొంబాయి జుహూలో దిగారు. ఆ ప్రయాణాన్ని ఆయనే 1962లో ఒకసారి, 78 ఏళ్ళ వయసులో 1982లో మరోసారి తిరిగి చేశారు. వ్యాసాలూ ప్రసంగాలూ అన్నీ జుహూ దగ్గరే ముగుస్తాయి. ఉత్తరాలు మాత్రం అక్కడ ఆగలేదు. బొంబాయి సంచులు దించాక మిగిలిన తపాలాను నెవిల్ విన్సెంట్ అనే పైలట్ అందుకుని, రాత్రికి బళ్ళారిలో ఆగి, మద్రాసుకు చేర్చారు. ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందమే కరాచీ నుంచి మద్రాసు దాకా. అందులో ఒక సగాన్ని తలకెత్తుకుని రెండో సగాన్ని వదిలేయడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే తోచింది. మేము ఎగిరింది ఆ రెండో సగం.

మా నాన్న ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే తపాలా సేవలో, సార్టరు. గుంతకల్లుకూ మద్రాసుకూ మధ్య కదిలే బండిలో నిలబడి ఉత్తరాలు వేరు చేస్తూ రాత్రులు గడిపారు. ఉత్తరం ఎంత దూరం వచ్చింది అనేదాని కన్నా, రావలసిన వేళకు వచ్చిందా అనేదే మా ఇంట్లో లెక్క. విన్సెంట్ మీద నాకు మనసు పడడానికి అదీ ఒక కారణం.

మా విమానం టైగర్ మాత్. అప్పటి తపాలా నడిచింది పస్ మాత్ మీద. ఎగరగల స్థితిలో ఉన్న పస్ మాత్‌లు ఇప్పుడు ప్రపంచం మొత్తం మీద వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే. టైగర్ మాత్ కూడా అదే డీ హావిలాండ్ కంపెనీ బిడ్డ, మొదట ఎగిరింది 1931 అక్టోబరులో. పస్ మాత్‌లో ఉన్న జిప్సీ త్రీ ఇంజనును కాస్త పెంచి చేసినదే మా విమానంలోని జిప్సీ మేజర్: నాలుగు సిలిండర్లు, 130 అశ్వశక్తి, సిలిండర్లన్నీ తలకిందులుగా కిందికి వేలాడుతూ ఉంటాయి. తేడా ఒక్కటే ముఖ్యమైనది. పస్ మాత్‌కు మూసిన క్యాబిన్ ఉంది, మాది పైకప్పు లేని కాక్‌పిట్. ఆ ఒక్క విషయంలో మా ప్రయాణం విన్సెంట్ ప్రయాణం కంటే కష్టమే. మిగతా అన్నిటిలో మాది ఎన్నో రెట్లు సులువు. మాకు రేడియో ఉంది, జీపీఎస్ ఉంది, గంటగంటకూ వాతావరణ సమాచారం ఉంది. ఆయనకు దిక్సూచి, పటం, కింద రైలు పట్టాలు.

ఒక షెడ్డులో ముక్కలుగా పడి ఉన్న ఈ విమానాన్ని కొందరు మిత్రులు ఏళ్ళ తరబడి కూర్చుని నిలబెట్టారు. రెక్కల లోపలి స్ప్రూస్ దూలాలు కొత్తవి, వాటి మీద సాగదీసి కుట్టిన గుడ్డ కొత్తది, ఆ గుడ్డను బిగించే డోప్ పూతలు కొత్తవి. వెనుక తోక కింద ఉండే ఇనుప స్కిడ్ స్థానంలో చిన్న చక్రం అమర్చారు, లేకపోతే నేటి తారు రన్‌వేల మీద దిగడం కుదరదు. నడిపేది వాయుసేనలో పనిచేసి విరమించిన కెప్టెన్ గారు. టైగర్ మాత్‌లో పైలట్ వెనుక సీట్లో కూర్చుంటారు. ముందు సీటు నాది. పటం చూడడం, సమయాలు రాసుకోవడం నా పని. ఇంజనీరు, ఆయన సహాయకుడు వ్యానులో పెట్రోలు పీపాలతో, పనిముట్లతో రోడ్డు మీద వెంట వస్తారు.

మొదటి రోజు: జుహూ, కరాడ్, బెళగావి

జుహూలో ఇప్పుడు వచ్చిపోయేవన్నీ దాదాపు హెలికాప్టర్లే. 1932లో అది సముద్రం పక్కన బురద మైదానం. విమానాన్ని దాచుకోవడానికి తాటాకు షెడ్డు. వానాకాలంలో మైదానం నీట మునిగితే తపాలా సేవను పుణెకు తరలించేవారు. తెల్లవారుజామున చీకట్లో రన్‌వే అంచున నిలబడి, తాటాకు షెడ్డు ఏ మూలన ఉండి ఉంటుందా అని చాలాసేపు చూశాను.

సూర్యోదయానికి 20 నిమిషాల ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాల దాకా మాత్రమే ఇలా కంటిచూపు మీద ఎగిరే విమానాలకు అనుమతి. దానికి తోడు ప్రతి దశకూ ప్రయాణ ప్రణాళిక, వాయు రక్షణ అనుమతి సంఖ్య తీసుకోవాలి. కాగితాలు పూర్తయ్యాక అసలు పని మొదలైంది. ఈ ఇంజనుకు స్టార్టరు మోటారు లేదు. ఇంజనీరు గారు కార్బ్యురేటర్ మీది మీటను నొక్కి పెట్రోలు చుక్కలుగా కారేదాకా ఆగి, ప్రొపెల్లర్‌ను చేత్తో నాలుగుసార్లు తిప్పి, ‘స్విచ్ ఆన్’ అని అరిచారు. కెప్టెన్ గారు అదే మాట తిరిగి అరిచారు. రెండో విసురుకు ఇంజను అందుకుంది.

జుహూ పక్కనే ముంబయి పెద్ద విమానాశ్రయం. విమానాల రాకపోకలు నియంత్రించే ఏటీసీ మమ్మల్ని తీరం వెంబడి తక్కువ ఎత్తులో దక్షిణానికి పంపింది. బాంద్రా–వర్లీ వంతెన తీగలు ఎడమవైపు దాటిపోయాయి. అలీబాగ్ దాటేసరికి రేడియోలో రద్దీ తగ్గింది, ముందు సహ్యాద్రి గోడలా లేచింది.

ఈ గోడే మొదటి పరీక్ష. మహాబలేశ్వరం ఎత్తు 1,350 మీటర్ల పైచిలుకు. దాన్ని మర్యాదగా దాటాలంటే మేము 1,900 మీటర్లకు చేరాలి. ఇద్దరు మనుషులు, నిండు ట్యాంకు, అక్టోబరు వేడి: విమానం ఓపికగా, చాలా నెమ్మదిగా ఎక్కుతుంది. మహాడ్ పరిసరాల్లో రెండు చుట్లు తిరిగి ఎత్తు సంపాదించాం. రాయగఢ్ కోట రెక్క చివరి కింద నుంచి మెల్లగా పైకి వచ్చి, మా సరసకు చేరి, తర్వాత కిందికి వెళ్ళింది. శివాజీకి 1674లో పట్టాభిషేకం జరిగిన కొండ అది. ఘాట్ల అంచున వానాకాలపు తెల్ల మబ్బులు ఇంకా వదల్లేదు. ఒక సందు దొరికింది, అందులోంచి దూరాం. మబ్బు అంచు రెక్కను తాకినప్పుడు ముఖం మీద చల్లటి తడి తగిలింది. కింద వేడికి చెమటలు పట్టిన మనిషిని, అరగంటలో మెడకు మఫ్లరు చుట్టుకున్నాను.

రేడియో, ఇంటర్‌కం పెట్టకముందు ఈ విమానాల్లో ఇద్దరూ మాట్లాడుకోవడానికి రబ్బరు గొట్టం ఒకటి ఉండేది. పునరుద్ధరణలో దాన్ని కూడా యథాతథంగా ఉంచారు. ఘాట్లు దాటాక కెప్టెన్ గారు దానిలోనే అడిగారు: “అమ్మా, కింద ఏ నది చెప్పండి?” పటం చూడవలసిన అవసరం లేదు. మహాబలేశ్వరంలో పుట్టి తూర్పుకు దిగుతున్న సన్నటి వెండి చార, మన కృష్ణమ్మ. విజయవాడ దగ్గర ఆ తల్లిని చూసిన కళ్ళకు ఇంత చిన్నదిగా కనిపిస్తే గుండె ఎలాగో అయింది. కోయన వచ్చి కృష్ణలో కలిసే చోట ఉంది కరాడ్. ఆ సంగమం మీదుగా తిరిగి దిగాం.

కరాడ్‌లో పెట్రోలు పోసుకుని బయలుదేరేటప్పటికి ఎండ ముదిరింది. బెళగావి దాకా గాలి కుదుపులే. దాని గురించి రాయడానికి ఏమీ లేదు, దిగినందుకు అందరం సంతోషించాం.

రెండో రోజు: బెళగావి నుంచి తోరణగల్లు

పొద్దున్నే సాంబ్రా మైదానంలో ఇంజను పరీక్షిస్తుంటే కుడి మాగ్నెటో (స్పార్క్ ప్లగ్‌లకు విద్యుత్తునిచ్చే పరికరం) మీద వేగం పడిపోయింది. జిప్సీ మేజర్‌కు రెండు మాగ్నెటోలు, ఒక్కో సిలిండరుకు రెండేసి స్పార్క్ ప్లగ్‌లు. ఒక్కో మాగ్నెటోను ఆపి చూసినప్పుడు కొద్దిగా తగ్గడం మామూలే, ఇది అంతకు మించి తగ్గింది. కారణం వెతకడానికి ఎక్కువసేపు పట్టలేదు. తలకిందుల ఇంజనులో రాత్రంతా నూనె సిలిండర్లలోకి దిగుతుంది, ప్లగ్‌లు తడుస్తాయి. ఇంజనీరు గారు మూడో సిలిండరు ప్లగ్ తీసి చూపించారు, నల్లగా మెరుస్తోంది. కొత్తది బిగించారు.

ఆ ప్లగ్‌ను చేతిలో పట్టుకుంటే అబూకిర్ గుర్తుకు రాకుండా ఎలా ఉంటుంది? 1930లో ఇంగ్లండు, భారత్‌ల మధ్య ఒంటరిగా ఎగిరే మొదటి భారతీయుడికి ఆగా ఖాన్ 500 పౌండ్ల బహుమతి ప్రకటించారు. జె.ఆర్.డి. కరాచీ నుంచి ఇంగ్లండు వైపు, యువకుడు ఆస్పీ ఇంజనీర్ ఇంగ్లండు నుంచి కరాచీ వైపు బయలుదేరారు. ఈజిప్టులోని అబూకిర్‌లో ఇద్దరూ ఎదురుపడ్డారు. ఆస్పీ స్పార్క్ ప్లగ్ లేక అక్కడ చిక్కుకుపోయి ఉన్నారు. జె.ఆర్.డి. తన దగ్గర ఉన్నది ఇచ్చి పంపారు. పందెం ఆస్పీ గెలిచారు. తర్వాతి కాలంలో ఆయనే భారత వాయుసేనాధిపతి అయ్యారు. పోటీదారుకు తన ప్లగ్ ఇచ్చి పందెం వదులుకున్న మనిషే రెండేళ్ళకు తపాలా మార్గం తెరిచారు. ఆ రెండు సంగతుల వెనుకా ఒకే స్వభావం ఉందని నా నమ్మకం.

బెళగావి నుంచి తూర్పుకు దారి రైలు పట్టాలదే. హుబ్బళ్ళి, గదగ్, కొప్పళ, హొసపేట, బళ్ళారి, గుంతకల్లు. 1932లో ఇది మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే వారి మీటర్ గేజ్ మార్గం. కెప్టెన్ గారు జీపీఎస్ తెర మీద గుడ్డ కప్పేశారు. ఈ ఒక్క దశా పాత పద్ధతిలోనే, మీరు పట్టాలను విడవకండి అన్నారు. గదగ్ దాకా అది తేలిక. ఆ తర్వాత నల్లరేగడి పొలాల్లో జొన్నలు, సూర్యకాంతి తోటలు, వాటి మధ్య గాలిమరల వరుసలు. పట్టా ఒకచోట పొగమంచులో మాయమై మళ్ళీ దొరికేదాకా ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాను. విన్సెంట్‌కు గాలిమరలు లేవు. ఈ దారి పొడవునా నేల మీద దీపం లేదు, పలికే రేడియో లేదు. బొంబాయిలో బయలుదేరిన విమానం ఏమైందో బళ్ళారిలో దిగేదాకా ఎవరికీ తెలిసే మార్గమే లేదు.

మరొకటి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో పస్ మాత్‌లు గాలిలోనే రెక్క విరిగి కూలిన ప్రమాదాలు వరుసగా జరిగాయి. కారణం తేల్చి రెక్కల ఊతకడ్డీల అమరిక మార్చేదాకా ఆ భయం పోలేదు. ఆ సంగతి తెలిసిన మనుషులే వారం వారం ఆ విమానాల్లో ఎక్కి కూర్చున్నారు.

కొప్పళ దాటగానే కుడివైపు పెద్ద నీటి పలక. తుంగభద్ర జలాశయం. నిండుగా ఉంది, గేట్ల కింద నురుగు లేదు. విన్సెంట్‌కు కనిపించింది ఒట్టి నది, బండలు, ఇసుక మాత్రమే. ఆనకట్ట 1953కు గానీ పూర్తి కాలేదు. ఆయనకు ఇక్కడ గుర్తుపట్టడానికి మిగిలింది హంపీ. కెప్టెన్ గారు ఎడమకు వాలి దాని పక్కగా ఒక అర్ధవృత్తం తిప్పారు. విరూపాక్ష గోపురం నీడ బజారు వీధి మీద పడి ఉంది. గుండ్రాళ్ళ గుట్టల మధ్య అరటి తోటల పచ్చదనం. నేల మీద నడిచినప్పుడు హంపీ ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. పై నుంచి చూస్తే అది ఒక నగరమనీ, నదినీ గుట్టలనూ కోటగోడలుగా వాడుకున్న ఆలోచన ఒకటి దాని వెనుక ఉందనీ ఒక్క చూపులో అర్థమైంది.

పావు గంటలో తోరణగల్లు. ఉక్కు కర్మాగారం పొగగొట్టాలే దారి చూపాయి. దాని పక్కనే ఉన్న విద్యానగర్ విమానాశ్రయంలో దిగాం.

సాయంత్రం కారులో బళ్ళారి వెళ్ళాను. 1932లో బళ్ళారి మద్రాసు రాష్ట్రంలో భాగం, దత్తమండలాల ఊరు. తెలుగు నాటకానికి ప్రాణం పోసిన బళ్ళారి రాఘవ అప్పటికి ఆ ఊళ్ళోనే ఉన్న పేరుమోసిన వకీలు. ఊరి పక్కన అలీపురం జైలులో శాసనోల్లంఘన ఉద్యమ ఖైదీలు. అలాంటి ఊరి మీదకు లండన్ ఉత్తరాలు మోసుకుంటూ విమానం దిగింది. కోట ఉన్న ఏకశిల గుట్ట ఎక్కి చుట్టూ చూస్తే ఆయన ఇక్కడే ఎందుకు ఆగారో తెలిసిపోతుంది. ఎటు చూసినా చదును నేల, ఎంతో దూరం నుంచి కనిపించే గుట్ట, రైలు కూడలి. దారి తెలియని పైలట్‌కు ఇంతకంటే మంచి గుర్తు ఉండదు.

మూడో రోజు: ఎగరలేదు

బంగాళాఖాతంలో అల్పపీడనం. కడప నుంచి మద్రాసు దాకా మబ్బు, వాన. కెప్టెన్ గారు వాతావరణ పటం ఒకసారి చూసి ఫోను పక్కన పెట్టేశారు. రేపు చూద్దాం అన్నారు. విమానాన్ని తాళ్ళతో నేలకు కట్టి, ఇంజను మీద టార్పాలిన్ కప్పాం.

మాకు ఆగిపోయే స్వేచ్ఛ ఉంది. విన్సెంట్‌కు ఒప్పందం ఉంది. ఆ రోజంతా నా ఆలోచన దాని చుట్టూనే తిరిగింది.

దక్షిణాఫ్రికాలో పుట్టి, బ్రిటిష్ వాయుసేనలో పనిచేసిన విన్సెంట్ 1929లో ఒక మిత్రుడితో, రెండు పాత విమానాలతో ఇండియా వచ్చారు. ఊరూరా తిరిగి జనాన్ని డబ్బులకు గాలిలో తిప్పేవారు, సర్వేలు చేసేవారు. అదే ఏడాది ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ నుంచి కరాచీకి తపాలా విమానాలు మొదలుపెట్టింది. కరాచీ దాకా రోజుల్లో వచ్చిన ఉత్తరం అక్కడి నుంచి దక్షిణానికి రైలులో ఈడ్చుకుంటూ రావడం ఆయన కంట పడింది. ఈ రెండింటినీ కలపాలన్న ఆలోచన ఆయనదే. దాన్ని జె.ఆర్.డి. దగ్గరకు తెచ్చారు. సంస్థ పెద్ద దొరాబ్జీ టాటాకు మొదట్లో మనసొప్పలేదు. సంస్థలోనే పెద్ద అధికారి జాన్ పీటర్సన్ నచ్చజెప్పి ఒప్పించారు. పెట్టుబడి 2 లక్షల రూపాయలు. ప్రభుత్వం సబ్సిడీ ఇవ్వలేదు, మోసిన తపాలా బరువును బట్టి డబ్బు. ఒప్పందం మీద 1932 ఏప్రిల్‌లో సంతకాలు జరిగాయి.

మొదటి ప్రయాణానికి పూలదండలు పడతాయి. రెండో వారం, ఇరవయ్యో వారం, వాన కురుస్తున్న వారం ఎవరూ మైదానానికి రారు. ఉత్తరాలు మాత్రం ఆ వారమూ వస్తాయి. మొదటి ఏడాదిలో వాళ్ళు 1,60,000 మైళ్ళు ఎగిరారు, 155 మంది ప్రయాణికులను, పది టన్నుల తపాలాను చేరవేశారు. పైలట్లు ఇద్దరు ముగ్గురు, మెకానిక్కులు కొద్దిమంది, చిన్న విమానాలు రెండు. సమయపాలనలో ఆ సేవకు సాటి లేదని పౌర విమానయాన శాఖే మెచ్చుకుంది. ఒకసారి ఎగిరి చూపించడానికి కావలసింది ధైర్యం. ఏడాది పొడవునా వేళ తప్పకుండా ఎగరడానికి కావలసినది వేరే. మా నాన్న ఉద్యోగంలో ఉన్నదీ అదేననిపిస్తుంది.

విన్సెంట్ ఆ తర్వాత కూడా ఇక్కడే ఉండి ఆ సంస్థను పెంచారు. యుద్ధకాలంలో ఇండియాలోనే విమానాలు తయారు చేయాలన్న ప్రయత్నం మీద ఇంగ్లండు వెళ్ళి, 1942 జనవరిలో హడ్సన్ విమానంలో తిరిగి వస్తూ దారిలో అదృశ్యమయ్యారు. విమానం దొరకలేదు, ఆయనా దొరకలేదు. జె.ఆర్.డి. పేరు తెలియని వాళ్ళు మన దేశంలో అరుదు. ఈయన పేరు మీద నేను చూసినంతలో ఒక వీధి కూడా లేదు. ఒక్క బళ్ళారిలోనైనా ఉండాలి.

నాలుగో రోజు: తోరణగల్లు నుంచి కడప

మబ్బు పైకి లేచింది, గాలి మాత్రం మిగిలింది. తూర్పు నుంచి ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లు. మా మామూలు వేగమే గంటకు 140. దూరం 240 కిలోమీటర్లు. ట్యాంకులో 86 లీటర్లు, గంటకు 30 లీటర్ల ఖర్చు. కెప్టెన్ గారు నేల మీదే నియమం పెట్టారు: గుత్తి కోట దగ్గరకు చేరేసరికి గంటా పది నిమిషాలు దాటితే వెనక్కి తిరుగుతాం.

టైగర్ మాత్‌లో పెట్రోలు ట్యాంకు పై రెక్క మధ్యలో, సరిగ్గా నా తల ముందు ఉంటుంది. దాని మీద గాజు గొట్టంలో ఒక తేలుడు బిళ్ళ. అది ఎంత దిగితే అంత ఖర్చు. విద్యుత్తు లేదు, సూది లేదు, ఇంతకంటే నిజాయితీ ఉన్న మీటరును నేను చూడలేదు. ప్రయాణమంతా నా చూపు పటం మీద సగం, దాని మీద సగం.

గుంతకల్లు దగ్గర పట్టాలన్నీ కలిసి, మళ్ళీ విడిపోయాయి. మనం పట్టుకోవలసింది ఆగ్నేయానికి పోయే పట్టా. బొంబాయినీ మద్రాసునూ 1871లో కలిపిన దారి, బొంబాయి మెయిల్ దారి, నాన్న దారి. గుత్తి కోట 58వ నిమిషంలో రెక్క కిందికి వచ్చింది. గుట్ట చుట్టూ ఒకదానికొకటి పైన పేర్చిన గోడలు, శిఖరాన బురుజు. సర్ థామస్ మన్రో 1827లో పత్తికొండ దగ్గర కలరాతో చనిపోయినప్పుడు మొదట సమాధి చేసింది ఇక్కడే. కెప్టెన్ గారు బొటనవేలు పైకెత్తారు. ముందుకే.

తాడిపత్రి దాటాక ఒక రైలు మాకు తోడైంది. కడప వైపే పోతోంది. ఎదురుగాలిలో నేల మీద మా వేగం 110 దాటడం లేదు, దాని వేగమూ ఇంచుమించు అంతే. చాలాసేపు రెండూ పక్కపక్కనే నడిచాయి. తలుపుల దగ్గర జనం చేతులు ఊపారు, మేమూ ఊపాం. ఆ బోగీలను చూస్తూ, సరిగ్గా ఈ చోట, రాత్రి వేళ, ఊగే దీపం కింద గూళ్ళలోకి ఉత్తరాలు విసురుతున్న నాన్న నాకు స్పష్టంగా కనిపించారు. గొట్టంలో ఏదో అడిగారు కెప్టెన్ గారు, జవాబు చెప్పడానికి నాకు కొంచెం సమయం పట్టింది.

తర్వాత పట్టాను కుడివైపు వదిలి పెన్నను పట్టుకున్నాం, గండికోట కోసం. అల్పపీడనం వానకు పెన్నలో ఎర్రనీళ్ళు. ఎర్రటి బండల మధ్య నది కోసిన లోయ, అంచున కోట, లోపల మసీదు, గుడి, ధాన్యాగారం. లోయ పైకి రాగానే గాలి ఒక్కసారి కిందికి తోసింది. కెప్టెన్ గారు వెంటనే దక్షిణానికి తప్పించారు. కడపలో చక్రాలు నేలను తాకినప్పుడు గాజు గొట్టంలో బిళ్ళ బాగా అడుగున ఉంది. అయినా లెక్క తప్పలేదు, అరగంటకు పైగా ఎగరగల పెట్రోలు మిగిలింది.

వ్యాను మాకంటే ముందే వచ్చి ఉంది. మా ఇంజనుకు కావలసిన విమాన పెట్రోలు ఈ మధ్యదాకా దిగుమతే. ఇప్పుడు వడోదరలో తయారవుతోంది, అయినా ఇలాంటి ఊళ్ళలో దొరకదు. డబ్బాలు ఎత్తి, గరాటులో తోలు వడపోత పెట్టి, రెక్క మీదికి ఎక్కి పోయాలి. అహ్మదాబాద్‌లో జె.ఆర్.డి. కోసం బర్మా షెల్ వాళ్ళు పెట్రోలు డబ్బాలను ఎద్దుల బండి మీద తెచ్చారు. బండి మారింది, డబ్బాలు మారలేదు.

ఐదో రోజు: కడప, తిరుపతి, మద్రాసు

ఆకాశం కడిగినట్టుంది. ఒంటిమిట్ట చెరువు నిండి, పక్కన కోదండరాముడి గోపురం తలకిందులుగా నీళ్ళలో కనిపించింది. ఎడమవైపు వెలిగొండలు, కుడివైపు పాలకొండలు, మధ్యలో పట్టాలు. రాజంపేట దగ్గర చెయ్యేరు పొడవునా ఇసుక మేటలు. 2021 నవంబరులో అన్నమయ్య ఆనకట్ట తెగినప్పుడు నీళ్ళు పోయిన దారి ఇప్పటికీ పై నుంచి మచ్చలా తెలుస్తోంది. అక్కడ కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

కోడూరు తర్వాత శేషాచలం అడవి. ఎర్రచందనం చెట్లు పై నుంచి వేరుగా తెలియవు, అంతా ఒకటే ముదురు ఆకుపచ్చ. తిరుమల కొండను పశ్చిమాన దూరంగా ఉంచి, రైలు లోయలోనే నడిచి రేణిగుంటలో దిగాం. పెట్రోలు, కాఫీ, మద్రాసు ఏటీసీ వారి సమయం కోసం ఎదురుచూపు.

మీనంబాక్కం మాకు ఇచ్చినది పది నిమిషాల వ్యవధి. ముందు ఒక పెద్ద జెట్టు, వెనుక మరొకటి. వాటి గాలి సుడులు మాలాంటి తేలికపాటి విమానాన్ని బోర్లా తిప్పేయగలవు, అందుకే రెండో రన్‌వే మీద, తగినంత ఎడంతో దింపుతామన్నారు. నాగలాపురం కొండలు దాటగానే పూండి జలాశయం కనిపించింది. కండలేరు నుంచి కాలువలో వచ్చిన కృష్ణ నీళ్ళు చేరేది అందులోకే. మహాబలేశ్వరంలో సన్నటి చారగా చూసిన నదిని మళ్ళీ ఇక్కడ చూస్తానని బయలుదేరినప్పుడు నేను అనుకోలేదు. ఆ తర్వాత చెంబరంబాక్కం చెరువు, ఇళ్ళు, ఇంకా ఇళ్ళు, పరంగిమలై గుట్ట. రేడియోలో కంట్రోలరు మా విమానం రకాన్ని రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. ఆ తర్వాత ఆయన గొంతులో ఉత్సాహం దాగలేదు.

దిగాక విమానాలు నిలిపే చోట ఒక మూలకు పంపారు. రెక్కల కింద నిలబడిన విమానాశ్రయ సిబ్బంది పిల్లల్లా ప్రొపెల్లర్‌ను ముట్టుకుని చూశారు. పైలట్ ఎవరు, ఎక్కడి నుంచి, ఎందుకు అని అడిగిన ప్రతి ఒక్కరికీ విన్సెంట్ పేరు చెప్పాను. ఒక యువ అధికారి ఆ పేరును చేతిలోని కాగితం మీద రాసుకుని, ఇంగ్లీషులో అక్షరాలు సరిచూపించుకున్నారు.

తిరుగు ప్రయాణం హైదరాబాద్ మీదుగా. టాటావారు కూడా తర్వాత బళ్ళారి మజిలీ వదిలి హైదరాబాద్‌ను ఎంచుకున్నారు, అదీ చూడాలని ఉంది. ఈశాన్య రుతుపవనాలు పూర్తిగా దిగకముందే ఉత్తరానికి దాటాలి. ఇంజనీరు గారు అప్పటికే కవచం విప్పి నూనె వదులుతున్నారు. నాలుగు సిలిండర్ల ప్లగ్‌లూ మార్చాలట, రెండో సిలిండరు కవాటం సందు సరిచూడాలట. ఎల్లుండి తెల్లవారుజామున బయలుదేరడానికి కెప్టెన్ గారు కాగితాలు నింపడం మొదలుపెట్టారు.